కనబడడమా, కనబడకపోవడమా?

2025 కార్తీకమాసంలో ఒక రాత్రి జరిగిన చిన్న సంగతి మమ్మల్ని ఇప్పటికీ వదలడం లేదు. ఆనాడు మేమిద్దరం న్యూకాజిల్ వైపు ఉండే మిత్రుల ఇంట్లో దీపాలు పెట్టుకొని, భోజనాలు చేసి, క్లాండాల్కిన్‌కు తిరిగి వస్తున్నాం. రాత్రి పది దాటింది. సన్నటి వాన పడుతోంది. పల్లెల మధ్య దారి కాబట్టి వీధిదీపాలు లేవు, కాలిబాట లేదు, రెండు పక్కలా మనిషెత్తు పొదల కంచె. ఎదురుగా వచ్చిన కారు దీపాలు కళ్ళలో కొట్టి దాటిపోయాయి. ఆ మరుక్షణం మా కారు ముందు ఏదో కదిలింది. బ్రేకు మీద బలంకొద్దీ తొక్కాం. కారు జారుతూ పోయి ఆగింది. కంచెలోకి దూకిన ఆకారం నోటి నుంచి "వామ్మో!" అన్న కేక వినబడింది.

ఆ ఒక్క మాటతో మనవాడని తెలిసిపోయింది. అద్దం దించి చూచాం. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడు. నల్ల కోటు, నల్ల పంట్లాం, తల మీద నల్ల టోపీ. గోదాములో పని ముగించుకొని నడిచి వస్తున్నాడట. బ్రతికాడన్న సంతోషం కోపంగా మారడం మనకు అలవాటే కదా. "ఈ చీకట్లో ఈ నల్లకోటేమిటి తమ్ముడూ? ఎవరికి కనబడతావు?" అని గట్టిగా కసిరాం.

వాడు కోటు మీది ముళ్ళు దులుపుకుంటూ, "ఎవ్వరికీ కనబడొద్దనే వేసుకున్న, అన్నా" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. వాడిని కారెక్కించుకొని గది దగ్గర దింపి ఇంటికి వచ్చాం గాని, ఆ ప్రశ్నను మాత్రం దింపలేకపోయాం. ఆ దారిలో నడిచే మనిషి కనబడాలా, కనబడకూడదా? యీ వ్యాసంలో ఆలోచించదలచింది అంతే.

ఐర్లండులో రాత్రిపూట నడిచేవారికి రహదారి భద్రతా సంస్థ చెప్పే మాట ఒక్కటే: కనబడండి. కాలిబాట లేని చోట రోడ్డుకు కుడిపక్కన, వచ్చే వాహనాలకు ఎదురుగా నడవండి. వెలుతురు పడితే మెరిసే పట్టీలున్న పసుపుపచ్చ కోటు తొడుక్కోండి. బడిలో కొత్తగా చేరే పిల్లలకు అటువంటి కోటు ఉచితంగా ఇస్తారు. మా అమ్మాయిది గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గూకుతుంది, ఉదయం ఎనిమిదిన్నర దాటితే గాని తెల్లవారదు. కాబట్టి చీకటి అంటే ఇక్కడ వేళకానివేళ కాదు. బడి వేళ, ఆసుపత్రి వేళ, పని వేళ.

రెండవ సలహా 2025 వేసవిలో వచ్చింది. ఆ జూలై 19న మాకు పొరుగునే ఉన్న టాలా ప్రాంతంలో, కిల్నమానాలో, ఐర్లండుకు వచ్చి కొద్ది వారాలే అయిన ఒక భారతీయుణ్ణి కొందరు యువకులు నెత్తురు కారేటట్లు కొట్టి, బట్టలు ఊడదీశారు. అతని మీద లేనిపోని నిందను కూడా ప్రచారం చేశారు. ఆ వెనుకే డబ్లిన్‌లో మరికొన్ని దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం ఇక్కడి భారతీయులకు ఒక హెచ్చరిక జారీ చేసింది: స్వీయరక్షణకు తగిన జాగ్రత్తలు తీసుకోండి, నిర్జన ప్రదేశాలకు, ముఖ్యంగా వేళకానివేళ, వెళ్ళకండి. ఆ తర్వాత మనలో మనం దానికి ఎన్నో కలుపుకున్నాం. బస్సులో ఫోనులో తెలుగు గట్టిగా మాట్లాడవద్దు. చీర మీద పొడుగు కోటు వేసుకో. బొట్టు ఇంటికి వచ్చాక పెట్టుకోవచ్చు. ఆగస్టు 17న ఫీనిక్స్ పార్కులో జరగవలసిన భారత దినోత్సవాన్ని నిర్వాహకులే వాయిదా వేశారు. వారిని తప్పుపట్టలేం, పిల్లలతో వచ్చే వందలమంది బాధ్యత వారి మీద ఉంది. అయినా, ఆ కుర్రవాడు ఒంటరిగా తొడుక్కున్న నల్లకోటునే ఆ వేసవిలో మనమందరం ఏదో ఒక రూపంలో తొడుక్కున్నామని ఒప్పుకోవాలి.

ఒకే దారి, ఒకే చీకటి, ఒకే మనిషి. కారు నడిపేవానికి కనబడు అని ఒకరు, కొట్టేవానికి కనబడకు అని మరొకరు. మేము పసుపుపచ్చ కోటు కొనుక్కొని వచ్చిన రోజున మా ఆవిడ దానిని చేతిలో పట్టుకొని, "ఇది వేసుకుంటే కార్లవాళ్ళకు కనబడతారు, సరే. ఆ మూకకు మాత్రం కనబడరా?" అని అడిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వవలసిన ప్రశ్న కాదది.

వృత్తిరీత్యా మాకు తెలిసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మన కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా పడుతుంది. ఎదురు దీపం ఒక్కసారి కొడితే ఆ అలవాటంతా చెదిరిపోతుంది. మసక వెలుతురులో పనిచేసే కణాలకు రంగు తెలియదు. ఎర్రని బట్ట కూడా వాటికి నల్లనిదే. ఆ దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదహారు మీటర్ల పైమాట. అపాయాన్ని గుర్తించి కాలు బ్రేకు మీదికి పోవడానికి సెకనున్నర పడితే, అప్పటికే ఇరవై అయిదు మీటర్లు గడిచిపోతాయి, బండి ఆగడం అప్పుడు మొదలవుతుంది. దీపాలు దించి నడిపేటప్పుడు ముదురురంగు బట్టల మనిషి కనబడేది దాదాపు ముప్పై మీటర్ల దూరంలోనే. ఇక ఆగేదెక్కడ? నడిచేవాడు మాత్రం తనకు కారు దీపాలు స్పష్టంగా కనబడుతున్నాయి కాబట్టి కారువానికి తానూ కనబడుతున్నాననుకుంటాడు. ఇది భ్రమ అని పరిశోధనలలో పదే పదే తేలింది.

ఇంకొక విశేషం ఉంది. 1973లో గున్నర్ యొహాన్సన్ అనే స్వీడిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. మనిషి మోకాళ్ళకు, చీలమండలకు, మోచేతులకు, భుజాలకు చిన్న చిన్న దీపపు చుక్కలు అమర్చి చీకటిలో చూపించాడు. మనిషి కదలనంతసేపు అవి ఉత్త చుక్కలే. రెండడుగులు నడిచేసరికి చూచేవారు 'మనిషి' అని ఇట్టే గుర్తుపట్టారు. అందుకే మెరిసే పట్టీలు ఛాతీ మీదకంటే కదిలే కీళ్ళ దగ్గర ఉంటే కారు నడిపేవారు మనిషిని త్వరగా పోల్చుకుంటారు. ఆ చుక్కలలో ముఖం లేదు, చర్మపు రంగు లేదు, భాష లేదు, ఊరు లేదు. నడక ఒక్కటే ఉంది. మనిషిని మనిషిగా గుర్తించడానికి ఆ మాత్రం చాలునన్నమాట! పట్టపగటి వెలుగులో రంగు, ముఖం అన్నీ కనబడుతూ ఉండగా ఎదుటివానిలో మనిషిని గుర్తించనివాడు ఉన్నాడంటే, లోపం వెలుతురులో లేదు.

రెండు సలహాలకు అసలు తేడా ఇక్కడే ఉన్నదని మాకు తోస్తుంది. 'కనబడు' అనే మాట వెనుక ఒక ఒప్పందం ఉంది. నేను మెరిసే పట్టీ కట్టుకుంటాను, నీవు నెమ్మదిగా నడుపు, చూడు, ఆగు. 2025 ఫిబ్రవరిలో యీ దేశంలో పల్లెదారుల వేగపరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. అది కారువాని వాటా. నడిచేవాడు నల్లకోటు వేసుకున్నా సరే, కారువానికి చూడవలసిన ధర్మం పోదు. ఆ రాత్రి మేము ఆ కుర్రవాణ్ణి కసిరాం గాని, ఎదురు దీపం కొట్టినప్పుడు వేగం తగ్గించకపోయిన తప్పు మాదేనని ఇంటికి వచ్చాక గాని మాకు తట్టలేదు. 'కనబడకు' అనే మాటలో అటువంటి ఒప్పందం లేదు. కొట్టేవాడు ఏమీ చేయనక్కరలేదు. అన్నీ మనమే మానుకోవాలి: దారి, వేళ, మాట, బట్ట. ఎన్ని మానుకున్నా, 'ఇక చాలు, నీవు క్షేమం' అని చెప్పే గీత ఎక్కడా ఉండదు.

'హెచ్చరించడం తప్పా?' అని పాఠకులు అడగవచ్చు. తప్పు కాదు. వార్త తెలిసిన రోజున హనుమకొండ నుంచి మా అమ్మ ఫోను చేసి, "గక్కడ మనోళ్ళను కొడుతున్నరట గద బిడ్డా. పొద్దుగూకితె బయట అడుగు పెట్టకు" అంది. అది ప్రేమ. రాయబార కార్యాలయం తన ప్రజలకు చెప్పవలసిన మాట చెప్పింది. అది విధి. అయితే అదే వేసవిలో మాకు ఇంకొక అనుభవం కూడా కలిగింది. మా చెల్లెలి పెళ్ళికి హనుమకొండ రమ్మని మాతో పనిచేసే ఐరిష్ మిత్రుణ్ణి పిలిచాం. బోస్టనులో ఉండే అతని అన్నగారు, అమెరికా ప్రభుత్వం ఆ జూన్‌లో భారతదేశ ప్రయాణం గురించి జారీ చేసిన హెచ్చరికను అతనికి పంపించాడు. అందులో అత్యాచారాలు, ఉగ్రవాదం, ఆడవాళ్ళు ఒంటరిగా ప్రయాణం చేయవద్దు అన్న మాటలు ఉన్నాయి. నక్సలైట్లు తిరిగే ప్రాంతమని తూర్పు మహారాష్ట్ర నుంచి పశ్చిమ బెంగాల్ దాకా గీసిన గీతలో ఉత్తర తెలంగాణ పేరు కూడా ఉంది. అంటే మేము పుట్టిన నేల! మిత్రుడు మొహమాటంగా ఆ కాగితం చూపిస్తే మాకు కోపం వచ్చింది. "మా అమ్మ రోజూ తెల్లవారకముందే భద్రకాళి గుడికి ఒక్కతే నడిచి వెళుతుంది, తెలుసా?" అన్నాం.

కొద్ది వారాలు తిరగకుండానే ఆ అమ్మే డబ్లిన్ గురించి మమ్మల్ని హెచ్చరించింది. "అలా ఏమీ లేదమ్మా, ఇక్కడి మనుషులు మంచివాళ్ళు" అని మేము ఆమెకు చెప్పవలసి వచ్చింది. తెలిసిన దేశాన్ని మనుషుల ముఖాలతో గుర్తు పెట్టుకుంటాం, తెలియని దేశాన్ని ప్రకటనలతో కొలుస్తాం. ప్రకటన అబద్ధం చెప్పదు. అయితే కోట్ల మంది సాయంకాలాలను ఒక్క వాక్యంలో కుదిస్తుంది. ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. మా అమ్మ ఒంటరి నడకను మేము గొప్పగా చెప్పుకున్నాం గాని, ఆమె చీకట్లో, కాలిబాట లేని రోడ్డు మీద, లారీల పక్కన నడుస్తున్నదని చెప్పలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది పోతే, వారిలో 32,825 మంది కాలినడకన పోయేవారే. ఇక్కడ, అయిదు మిలియన్ల పైచిలుకు జనాభాలో, అన్ని రకాల వాహన ప్రమాదాలలో ఏడాదికి పోయేవారు 2023లో గాని, 2024లో గాని రెండు వందలకు చేరలేదు. పరాయివాని హెచ్చరికకు ఉలిక్కిపడే మనం, మన ఇంటి ముందరి అపాయాన్ని అపాయంగా లెక్క పెట్టం, అలవాటైపోయింది గనుక.

మరి కారుతో అపాయమే ఎక్కువైనప్పుడు, దాడుల గురించి ఇంత మథన ఎందుకు? లెక్క ఒక్కటే కొలత కాదు గనుక. కారు గుద్దితే ఎముక విరుగుతుంది. కావాలని కొట్టిన దెబ్బ ఎముకతో పాటు, 'నీవు ఇక్కడివాడవు కాదు' అని కూడా చెబుతుంది. ఆ దెబ్బ ఒక్కనికి తగిలినా వేలమంది ఆ మాట వింటారు, విని దారి మార్చుకుంటారు.

దారి మార్చుకోగలిగేది ఎవరు? మనలాంటివారం. వైద్యులం, ఇంజనీర్లం, కార్లున్నవాళ్ళం. 'నిర్జన ప్రదేశాలకు వేళకానివేళ వెళ్ళకండి' అన్న సలహా మేము సులభంగా పాటించాం. ఆ కుర్రవాడు ఎలా పాటిస్తాడు? గోదాములో పని రాత్రి ముగిస్తే, చౌకగా గది దొరికింది ఊరి చివరనైతే, వాడి నిత్యజీవితమే వేళకానివేళ, నిర్జన ప్రదేశంలో నడుస్తుంది. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారకముందే బస్సు కోసం నిలబడే నర్సమ్మ సంగతీ అంతే. పాటించలేనివానికి ఇచ్చిన హెచ్చరిక, ఏదైనా జరిగిన నాడు నేరారోపణ అవుతుంది. మన కూటములలోనే వినలేదా, "ఆ వేళప్పుడు అటు ఎందుకు పోయాడండీ?" అని? రోడ్డు మీద చనిపోయినవాని గురించి "నల్లబట్టలు వేసుకున్నాడట" అనడం కూడా ఆ కోవలోదే. రోగికి కళ్ళు తిరుగుతుంటే "పడిపోకు, జాగ్రత్త" అని చెప్పి పంపడం వైద్యం కాదు. కళ్ళు ఎందుకు తిరుగుతున్నాయో చూడాలి, అంతదాకా చెయ్యి పట్టుకొని నడిపించాలి. జాగ్రత్త చెప్పడం వైద్యునికి మొదటి వాక్యమే గాని చివరి వాక్యం కాదు.

చెప్పడానికి కాస్త కష్టంగా ఉన్నా, ఇంకొక మాట కూడా చెప్పాలి. 'కనబడకు' అనే శాసనం మనకు కొత్త కాదు. వినడం కొత్త గాని, చెప్పడం కొత్త కాదు. మా తాతగారి ఊళ్ళో పెద్దల వీధిలోకి వచ్చేసరికి చెప్పులు తీసి చేతబట్టుకొని, తలపాగా విప్పి, గోడవారగా నడిచే మనుషులుండేవారని మా ఇంట్లోనే మామూలు సంగతిగా చెప్పుకొనేవారు. 1924లో కేరళలోని వైకంలో గుడి చుట్టూ ఉన్న దారులలో నడిచే హక్కు కోసం సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. గుడి ప్రవేశం కోసం కాదు, ఉత్త నడక కోసం. దారి మీద తన నీడ పడనివ్వకుండా నడవమని ఒక మనిషికి తరతరాలుగా చెప్పిన సమాజంలో నుంచి వచ్చాం మనం. టాలాలో పడిన దెబ్బకు మనం పడిన బాధ నిజమే. ఆ బాధకు మన పాత జ్ఞాపకాన్ని కూడా జోడిస్తేనే దానికి నీతి బలం వస్తుంది. లేకపోతే అది మన వంతు వచ్చినప్పుడు పెట్టిన కేక మాత్రమే అవుతుంది.

యీ దేశానికి కూడా యీ అనుభవం తెలియనిది కాదు. పొట్ట చేతబట్టుకొని పరాయి దేశాలకు పోయి, అక్కడ తమ ఉచ్చారణను దాచుకొని బ్రతికినవారు ప్రతి ఐరిష్ కుటుంబంలోనూ కనబడతారు. మా క్లాండాల్కిన్ ఊరి నడుమ వెయ్యేళ్ళు దాటిన రాతి గోపురం ఉంది. దానికి కొద్ది దూరంలో, ఐరిష్ భాషను ఇళ్ళలోనూ వీధిలోనూ మళ్ళీ నిలబెట్టాలని పాటుపడేవారి కేంద్రం ఉంది. 2018లో యీ ఊరిని ఐరిష్ భాషా కూటమిగా గుర్తించారు. తమ భాష వీధిలో వినబడాలని ఇంత తపించే ఊళ్ళో మనం బస్సులో తెలుగు గొంతు తగ్గించుకోవడం ఏమి న్యాయం? 1913 నుంచి 1916 దాకా ఇక్కడ న్యాయశాస్త్రం చదివిన మన వి.వి. గిరిగారిని, 1916 తిరుగుబాటు తర్వాత ఇక్కడి ఆంగ్ల పాలకులు దేశం విడిచి పొమ్మన్నారు. ఐరిష్ వారి పోరాటాన్ని తన పోరాటంగా ఎంచడమే ఆయన చేసిన నేరం. ఆయన డబ్లిన్‌లో కనబడకుండా తిరగలేదు.

2025 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ యీ దాడులను ఖండిస్తూ, వైద్యంలో, పరిచర్యలో భారతీయులు చేస్తున్న సేవను కొనియాడారు. మంచిదే. కాని మాకు అంతకంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది మరొకటి. జూలై 19న కిల్నమానాలో ఆ మనిషి నెత్తుటితో నిలబడి ఉండగా, అటుగా కారులో పోతున్న ఒక స్థానిక మహిళ ఆగింది. అతని దగ్గర నిలబడింది. అతని మీద మోపిన నింద అబద్ధమని బహిరంగంగా చెప్పింది. చూచింది, ఆగింది, చెప్పింది. దారి మీద నడిచే మనిషికి కారు నడిపేవారు బాకీ ఉన్నది ఆ మూడే.

కాబట్టి మాకు తోచింది ఇది. హెచ్చరికలను చింపి పారవేయనక్కరలేదు, చదవాలి, చెప్పుకోవాలి. అయితే ఎవరికి హెచ్చరిక చెప్పామో వారితో కొంత దూరమైనా నడవాలి. మన సంఘంలో కార్లున్నవారం వారానికి ఒక రాత్రి చొప్పున వంతు వేసుకుంటే, గోదాముల నుంచి, హోటళ్ళ నుంచి ఇళ్ళకు చేరే పిల్లలు ఎంతమంది క్షేమంగా చేరతారో లెక్క వేయండి. దీపాలు లేని దారులకు దీపాలు, కాలిబాటలు కావాలని కౌంటీ కౌన్సిలుకు మనతో పాటు పొరుగువారి చేత కూడా అర్జీలు పెట్టించవచ్చు. ఆ దారిలో వారి పిల్లలూ నడుస్తున్నారు. దెబ్బ తిన్నవాడు గార్డాల వద్దకు పోయినప్పుడు పక్కన ఒకరు ఉండాలి. సాయంకాలాలు ఇళ్ళలో దాక్కోకుండా నలుగురం కలిసి నడవాలి. మనుషులు మానుకున్న దారే నిర్జనమవుతుంది, నిర్జనమైన దారే భయంకరమవుతుంది.

మరుసటి ఆదివారం ఆ కుర్రవాణ్ణి భోజనానికి పిలిచాం. వెళ్ళేటప్పుడు మా ఆవిడ పసుపుపచ్చ కోటు ఒకటి, చీలమండలకు కట్టుకొనే మెరుపు పట్టీలు రెండు చేతికిచ్చింది. వాడు కోటును అటూ ఇటూ తిప్పి చూచి, కాసేపు తటపటాయించాడు. ఇప్పటికీ రోజూ వేసుకుంటున్నాడో లేదో మేము అడగలేదు. అది వాడు తేల్చుకోవలసిన విషయం. ఆ సాయంత్రం మాత్రం తొడుక్కున్నాడు. గోపురం మలుపు దాకా మేమూ వాడితో నడిచాం. వెనుక నుంచి వచ్చిన కారు ఒకటి మమ్మల్ని చూచి వేగం తగ్గించి, పక్కకు తీసుకొని వెళ్ళింది. నడిపినవారెవరో మాకు తెలియదు. మేమెవరో వారికీ తెలియదు.